కట్ చేస్తే అందినట్టు

"నాన్నా, నువ్వొకసారి..." అంది నాగజ్యోతి. అంతలోనే ఫోన్ తెగిపోయింది.

బుల్లయ్య దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాడు. మాట మధ్యలో ఆగిపోయి, కాస్త ఆలోచించుకుని మళ్ళీ మొదలుపెట్టడం కూతురికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆగిన మాట కోసం ఓపిగ్గా ఎదురు చూడటం అతనికి అలవాటు. ఫోన్‌కి మాత్రం అలాంటి మర్యాదలేమీ తెలియవు.

ఎదురుగా కళ్లం నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కూలీలు వెళ్ళిపోయారు. మంచు పడకముందే కాయల్ని కుప్ప చేసి పట్టాలు కప్పాలి. బుల్లయ్య చేతిలోని ఫోన్‌కి పాలిథిన్ సంచి తొడిగి ఉంది. మిరపకాయ చేతులతో బటన్లు నొక్కితే ఘాటు చెవికీ, అక్కడి నుంచి కంటికీ పాకుతుందని భార్య రాఘవమ్మ తొడిగిన చొక్కా అది. అతను సంచి మీద నుంచే పచ్చ బటన్ నొక్కాడు. అవతల కంపెనీ ఆడగొంతు, మీరు కోరిన చందాదారుడు ప్రస్తుతం అందుబాటులో లేరని తీయగా చెప్పింది.

"ఏందంట?" అంది రాఘవమ్మ, పట్టా కొస పట్టుకుని.

"నువ్వొకసారి అన్నది. తెగిపోయింది."

"ఒకసారి ఏంది?"

"అదే గదే తెగిపోయింది."

ఊరి చివర నాగేంద్రబాబు చేలో టవర్ లేచి ఏడాది దాటింది. లేచిన కొత్తలో గొర్రెలు కాసేవాళ్ళు కూడా గట్టు మీద కూర్చుని గుంటూరు యార్డులో కాయ రేటు కనుక్కున్నారు. మొన్నటి గాలివాన తర్వాత దానికేం తెగులు తగిలిందో, ఊళ్ళో ఒక్కరికీ మాట నిలవడం లేదు. బుల్లయ్య కళ్లంలో అయితే కాపలా పాక ముందున్న గుంజకి మేకు కొట్టి, ఆ మేకుకు ఫోన్ తగిలిస్తే రెండు గీతలు కనిపిస్తాయి, మోగుతుంది. తీసి చెవిన పెట్టుకున్నామా, గీతలు మాయం. మాట్లాడాలంటే గుంజకి తల ఆనించి, పాలు తాగే దూడలాగా మెడ వంచి మాట్లాడాలి. అట్లా వంగినా రెండు మాటలు వెళితే మూడోది వెళ్ళదు.

మాట నిలవని ఫోన్‌తో ఏం చేస్తారు? అందరూ చేసిందే తండ్రీకూతుళ్ళూ చేశారు. నాగజ్యోతి చిలకలూరిపేట దగ్గర నూలు మిల్లులో పని చేస్తూ అక్కడి హాస్టల్లోనే ఉంటోంది. పనిలో ఉన్నంతసేపూ ఫోన్ వార్డెన్ దగ్గర ఉంటుంది. సాయంత్రం చేతికి రాగానే ఇంటికి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. అంటే క్షేమం. మోగగానే బుల్లయ్య ఎర్ర బటన్ నొక్కి కట్ చేస్తాడు. కట్ చేస్తే అందినట్టు. ఆపైన ఎవరి పని వాళ్ళది, ఎవరికీ పైసా ఖర్చు లేదు. ఇదేమీ వాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. ఆ రోజుల్లో పల్నాడంతా అట్లాగే బతికింది. బస్సు దిగితే ఒక రింగు, బోరులో నీళ్ళు పడితే ఒక రింగు, అన్నం వండాను రమ్మంటే ఒక రింగు.

ఈ సాయంత్రం బుల్లయ్య పట్టాలు దులుపుతుంటే ఫోన్ రాఘవమ్మ చేతికి చిక్కింది. ఆమెకు ఎర్ర బటనూ పచ్చ బటనూ తేడా పట్టదు. ఎత్తి ఇచ్చింది కాబట్టి ఆ రెండు మాటలైనా వినపడ్డాయి.

"దానికేదో అవసరం పడ్డదయ్యా. లేకపోతే రింగు ఇచ్చి ఊరుకునేది" అంది రాఘవమ్మ.

"ఏం అవసరం? మొన్ననేగా పొయ్యొచ్చింది."

"నాకేం తెలుసు. పొయ్యి చూసి రారాదూ."

బుల్లయ్య ఆకాశం వైపు చూశాడు. మొన్నటి వానకు తడిసిన కాయ ఇంకా పూర్తిగా ఎండలేదు. మళ్ళీ ఒక్క జల్లు పడితే కాయ నల్లబడుతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం తాలు కాయల రేటుకు పోతుంది. పట్టా కప్పడానికి రాఘవమ్మ ఒక్కతీ చాలదు.

"కాయ ఎత్తినాక పోతాలే" అన్నాడు.

మర్నాడు సాయంత్రం గుంజ మీద ఫోన్ మోగింది. సంచిలోంచి జ్యోతి పేరు కనిపించింది. బుల్లయ్య కాయలు తిరగేస్తున్న చెక్కపార పక్కన పడేసి, ఒక్క అంగలో వెళ్ళి కట్ చేశాడు. పొద్దుటి నుంచీ గుండెల్లో కూర్చున్న బరువు దిగిపోయింది.

"ఇదిగో, బాగానే ఉంది నీ కూతురు" అన్నాడు.

అంతలో మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. ఇంకోసారి మోగింది.

"నిన్న మాట తెగిపోయిందని నువ్వు బెంగపెట్టుకుంటావని దానికి తెలవదా? బాగున్నా బాగున్నా అని చెప్తంది" అంది రాఘవమ్మ. నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది.

"అబ్బో, ఇయ్యాళ మహా క్షేమంగా ఉన్నట్టుందే" అంటూ బుల్లయ్య బొటనవేలితో ఎర్ర బటన్ నొక్కాడు. ఆ బటన్ ఉన్నచోట పాలిథిన్ అరిగి తెల్లబడిపోయింది.

కానీ ఆ సగం మాట మాత్రం పంటి సందున ఇరుక్కున్న పీచులాగా వదల్లేదు. ఈసారి తనే చేశాడు. గుంజకి తల ఆనించాడు. రెండు రింగుల తర్వాత ఎత్తారు. "హలో" అంది ఆడపిల్ల గొంతు, ఆత్రంగా. "అమ్మా, నిన్న ఏందో..." అన్నాడు. అప్పటికే అవతల ఏమీ లేదు.

"హలో అన్నది" అని చెప్పాడు భార్యకి. "గొంతు గట్టిగానే ఉంది. జరమూ అదీ ఏం లేదు."

"మరి ఒకసారి అన్నదేంది?"

"ఆ మాట మింగింది కంపెనీవాడు. వాణ్ణే అడుగుతా."

బుల్లయ్యకు కోపం రావడం తక్కువ. వస్తే మాత్రం సగంలో వదలడు. మర్నాడు పొద్దున్నే తలగుడ్డ దులిపి కట్టుకుని సత్తెనపల్లి బస్సు ఎక్కబోతుంటే రాఘవమ్మ అడ్డం వచ్చింది.

"సత్తెనపల్లి దాకా పొయ్యేవాడివి, ఇంకో బస్సెక్కితే పేట గదయ్యా. కంపెనీవాడితో తగాదా ఎందుకు, పిల్లనే అడగరాదూ."

"పేట పోతే రోజంతా పోద్ది. ఇదయితే పూటలో వస్తా. ఈ రోగం కుదిరితే రోజూ మాట్లాడుకోవచ్చు."

ఆమె పక్కకు తప్పుకుంది.

సత్తెనపల్లిలో ఆ కంపెనీ సిమ్ములు అమ్మేది సుభానీ. బుల్లయ్యకు ఫోన్ అమ్మిందీ, అందులో జ్యోతి పేరు ఎక్కించిందీ అతనే. కొట్టు ఎదుటి మేడ మీదే టవర్ ఉంది. బుల్లయ్య ఫోన్‌లో గీతలన్నీ నిండుగా నిలబడ్డాయి. అది చూసి అతనికి ఇంకా మండింది.

"ఇక్కడేమో ఒలకబోశారు. మా ఊళ్ళో చుక్క లేదు. మేం ఇచ్చేవి డబ్బులు కావా సుభానీ?"

"నన్నంటే ఏం లాభం మామా. నేను అమ్మేవాణ్ణి. కస్టమర్ కేర్‌కి కొట్టి కంప్లైంట్ రాయించు. నీ ఫోనెందుకు, నా దాంట్లో మాట్లాడు."

తెలుగు కోసం ఒకటి నొక్కాడు సుభానీ. ఫిర్యాదు కోసం ఇంకోటి నొక్కాడు. సన్నాయి పాట వచ్చింది. పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. చివరికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి పలికింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. మీ సమస్య ఏమిటో తెలుసుకోవచ్చా?"

"మా అమ్మాయి మాట్లాడతంటే మధ్యలో తెగిపొయిందమ్మా."

"కాల్ డ్రాప్ అయిందంటారు. ఎప్పటి నుంచి సర్?"

"ఎప్పటి నుంచో కాదు, మొన్న. నాన్నా నువ్వొకసారి అన్నది. ఒకసారి తర్వాత ఏమన్నదో చెప్పమ్మా."



"సర్, సంభాషణలు మా దగ్గర ఉండవు సర్."

"మీ తీగల్లో నుంచే గదా వచ్చింది. మధ్యలో ఆగిపోయిన మాట యాడికి పోయింది మరి?"

సుభానీ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి రీచార్జి కార్డులు సర్దాడు. ఆ అమ్మాయి తీసిపారేయలేదు, నవ్వనూ లేదు. ఊరి పేరు రాసుకుంది, ఇంజినీరును పంపిస్తామంది, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. సరిగ్గా అప్పుడే బుల్లయ్య జేబులో ఫోన్ మోగింది. జ్యోతి. బుల్లయ్య సుభానీ ఫోన్‌ని ఒక చెవికి ఆనించి ఉంచి, రెండో చేత్తో తన ఫోన్ తీసి, చూడకుండానే కట్ చేశాడు.

"ఎవరు మామా?"

"మా అమ్మాయి. మిస్డ్ కాల్."

"ఈ వేళప్పుడా?"

"రాత్రి డ్యూటీకి మార్చినట్టున్నారు" అన్నాడు. అనేశాక ఇక్కడ గీతలు నిండుగా ఉన్నాయన్న సంగతి గుర్తొచ్చింది. గబగబా తిరిగి చేశాడు. ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఎంగేజ్. అవతలివాళ్ళు కూడా అదే క్షణంలో తనకే చేస్తుంటే అట్లా వస్తుందని అతనికి ఎవరు చెబుతారు? ఇదీ కంపెనీ నిర్వాకమే అనుకున్నాడు. బస్సు కదులుతోందని ఎవరో అరిచారు. పరిగెత్తి ఎక్కాడు. ఊరు దాటేసరికి గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఆ రోజంతా, ఆ మర్నాడూ గుంజ మీద ఫోన్ అప్పుడప్పుడూ మోగుతూనే ఉంది. పొద్దున మోగింది. కూలీలు అన్నాలు తినేటప్పుడు మోగింది. మధ్యలో పేరు లేని నంబరేదో మోగితే ఎత్తాడు, హలో అనకముందే తెగిపోయింది. జ్యోతి పేరు కనిపించినప్పుడల్లా బుల్లయ్య వెళ్ళి అందినట్టు చెప్పి వచ్చాడు. తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళకు అదొక ఆటైంది. "అదిగో, నీ కూతురు పలకరిస్తంది పో" అని వాళ్ళే కేకేశారు. ఇంత ప్రేమగల పిల్ల మా ఇళ్ళల్లో లేదే అని ఒకామె దెప్పింది కూడా. బుల్లయ్యకు లోపల కాస్త గర్వంగానే ఉంది. రాఘవమ్మ మాత్రం ఆ చప్పుడైనప్పుడల్లా చేతిలో కాయ వదిలేసి గుంజ వైపు చూసింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చాననుకుంటున్న బుల్లయ్యను ఆశ్చర్యపరుస్తూ కంపెనీ ఇంజినీరు నిజంగానే వచ్చాడు. పేరు చైతన్యకృష్ణ. నిండా పాతికేళ్ళుండవు. బైకు వెనక టవర్ ఎక్కే మనిషిని కూర్చోబెట్టుకుని, తాళ్ళూ పానాలూ సంచిలో వేసుకుని వచ్చాడు. ఆ మనిషి నడుముకి బెల్టు బిగించి చకచకా ఎక్కుతుంటే ఊళ్ళో సగంమంది నాగేంద్రబాబు చేలో చేరారు. కింద నుంచి చైతన్యకృష్ణ చెయ్యి ఊపుతూ, ఇంకాస్త ఎడమకి, ఇంకాస్త కిందకి అని కేకలేశాడు.

"గాలివానకి బోల్టు వదులైందండీ. యాంటెన్నా మొహం పక్కకి తిరిగిపోయింది. మీ ఊరికి ఇవ్వాల్సిన సిగ్నలంతా కొండకిస్తోంది" అని చెప్పాడు.

"కొండెవరితో మాట్లాడతది బాబూ" అన్నాడు బుల్లయ్య. అందరూ నవ్వారు.

టవర్ మనిషిని పానాలు సర్దమని అక్కడే వదిలి, కంప్లైంట్ ఇచ్చింది ఎవరో వాళ్ళ దగ్గరే చూసి పోవాలని చైతన్యకృష్ణ కళ్లానికి వచ్చాడు. రాగానే ఘాటుకు తుమ్ములు అందుకున్నాడు. రాఘవమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను బుల్లయ్య ఫోన్ మేకు మీద నుంచి తీయించి, తన ఫోన్ నుంచి చేసి, మాట్లాడుతూ కళ్లం ఆ చివరికి నడిచాడు. కుప్పల వెనక్కి వెళ్ళాడు. పత్తి చేనులోకి దిగాడు. ఎక్కడా మాట చెదరలేదు.

"వినపడుతోందాండీ?"

"పక్కన కూర్చున్నట్టే ఉంది బాబూ."

"ఇంక గుంజతో పని లేదు. మేకు పీకేసుకోండి."

బుల్లయ్యకు మహా సంతోషమైంది. కంపెనీని ఊళ్ళోకి రప్పించి, టవర్ ఎక్కించి, పని చేయించుకున్న మగాడు ఇంకొకడు లేడు ఆ చుట్టుపక్కల. ఇక సాయంత్రం కూతురితో తీరిగ్గా మాట్లాడొచ్చు. ఒకసారి ఏందమ్మా అని అడగొచ్చు. మేకు పీకుదామని చెయ్యి చాపాడు. చేతిలో ఫోన్ మోగింది.

జ్యోతి.

బొటనవేలు తన పని తాను చేసేసింది.

"కట్ చేశారేంటండీ?" అన్నాడు చైతన్యకృష్ణ, మజ్జిగ చెంబు దించి.

"మా అమ్మాయి. మిస్డ్ కాల్ ఇచ్చింది. కట్ చేస్తే అందినట్టు మాకు."

మళ్ళీ మోగింది. మళ్ళీ బొటనవేలు లేచింది.

"ఆగండి" అన్నాడు చైతన్యకృష్ణ. "మిస్డ్ కాల్ అయితే ఒక రింగు ఇచ్చి ఆవిడే పెట్టేస్తుంది కదా. చూడండి, మోగుతూనే ఉంది. మీరు కట్ చేసిందాకా మోగుతుంది."

బుల్లయ్య ఫోన్ వైపు చూశాడు. మోగుతూనే ఉంది. నిన్న కూడా మోగుతూనే ఉండింది. మొన్న కూడా. తాను నొక్కిందాకా ఆగలేదు ఒక్కసారి కూడా.

"ఎత్తయ్యా" అంది రాఘవమ్మ.

ఎత్తాడు.

"హలో" అంది ఆడపిల్ల గొంతు. మొన్న విన్న గొంతే, గట్టిగా ఉన్న గొంతు. "హలో, జ్యోతి వాళ్ళ నాన్నగారేనా అండీ? కట్ చెయ్యబాకండి బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతా."

అది జ్యోతి గొంతు కాదు.

"ఎవరమ్మా నువ్వు?"

"రెబ్కానండీ. జ్యోతీ నేనూ ఒకటే రూము. నాలుగు రోజుల్నించి చేత్తన్నానండీ. మీరేమో కట్ చేత్తన్నారు. కాయిన్ బాక్సు కాడికి పొయ్యి చేస్తే మాటే వినపడకుండా తెగిపోతంది. జ్యోతికి మిషన్లో చెయ్యి పడిందండీ. కుడిచెయ్యి."

ఫోన్‌లోంచి ఆ గొంతు కళ్లమంతా వినపడుతోంది. అంత స్పష్టంగా ఉంది లైను. తాలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు.

"మూత ఊడిపోయిన మిషన్ అండీ అది. జ్యోతిని దానిమీద వేశారు. నాకు భయమేస్తంది, నాన్నని ఒకసారి వచ్చి మేనేజరుతో మాట్లాడమంటానని అది మీకు ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే పడింది. మిల్లువాళ్ళు ఇక్కడ చిన్న ఆసుపత్రిలో చేర్చారు. గుంటూరు తీసకపోతే వేళ్ళు నిలుస్తయ్యని డాక్టరన్నాడండీ. ఇంట్లోవాళ్ళొచ్చి సరేనంటే పంపుతామన్నాడు మేనేజరు. వాళ్ళ నాన్నే ఫోన్ కట్ చేస్తంటే మేమేం చేస్తాం అన్నాడు. నిన్న రెండు వేళ్ళు తీసేశారు బాబాయ్ గారూ."

రాఘవమ్మ కాయల మీదే కూలబడిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆ కొంగు నిండా మిరపకారం ఉందని కూడా ఆమెకు తెలియలేదు. బుల్లయ్య కదలలేదు. వానొస్తే కాయ నల్లబడుతుందని అనుకున్న ఆలోచన ఒకటి, ఎక్కడి నుంచో వచ్చి కళ్ళ ముందు నిలబడింది. సత్తెనపల్లి కొట్టులో చూడకుండా నొక్కిన క్షణం ఒకటి వచ్చి నిలబడింది. సిగ్గూ, భయమూ, ఏడుపూ ఏదీ ఇంకా రాలేదు.

లైను తెగిపోతుందేమోనని చూశాడు. తెగిపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. తెగలేదు.

"బాబాయ్ గారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా" అన్నాడు.

"మీరెక్కడిదాకా వచ్చారండీ? నర్సరావుపేట దాటారా?"

బుల్లయ్యకు అర్థం కాలేదు. "ఏందమ్మా?"

"జ్యోతి చెప్పిందండీ. మీరు కట్ చేసినప్పుడల్లా నేను ఏడుస్తంటే, అదే నాకు ధైర్యం చెప్పింది. మా నాన్న కట్ చేశాడంటే అందినట్టు, వస్తన్నాడని అర్థం అన్నది. మొదటి రోజు నుంచీ అదే మాట. నిన్న ఆపరేషన్‌కి తీసకపోయేటప్పుడు కూడా, ఇంకొకసారి రింగు ఇయ్యవే, ఎక్కడిదాకా వచ్చాడో అన్నది. ఇచ్చానండీ. మీరు కట్ చేశారు. అందిందంట అని చెప్పాను."

చైతన్యకృష్ణ చెంబు కింద పెట్టి, ఎవరూ అడగకుండానే వెళ్ళి బైకు స్టార్ట్ చేశాడు. ఆడవాళ్ళలో ఒకామె వచ్చి రాఘవమ్మను లేపి, మొహం కడుగుతోంది. నేను వెనక బస్సులో వస్తా, నువ్వు పో అని రాఘవమ్మ చేత్తోనే సైగ చేసింది. ఎండబోసిన కాయ ఎండబోసినట్టే ఉంది. పడమర మబ్బు పట్టింది. బుల్లయ్య అటు చూడలేదు. ఫోన్ చెవికి రెండు చేతులతో అదిమి పట్టుకుని, ఎరుపు తొక్కుకుంటూ అడ్డంగా నడిచి వెళ్ళి బైకు ఎక్కాడు.

"జ్యోతికి ఇస్తన్నానండీ, చెవి దగ్గర పెడతన్నా, మాట్లాడండి" అంది రెబ్కా.

గుడ్డల చప్పుడు వినిపించింది. మంచం కిర్రుమంది.

"నాన్నా" అంది నాగజ్యోతి. మత్తులో ఉన్న గొంతు. "అందిందా?"

బైకు నాగేంద్రబాబు చేను దాటి డొంకలోకి తిరిగింది. గుంతలకు మనిషి ఎగిరి పడుతున్నాడు.

"అందిందమ్మా" అన్నాడు.

"సరే నాన్నా." ఆ పిల్ల కాస్త ఆగింది. ఎప్పటిలాగే ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. "బ్యాలెన్సు అయిపోద్ది. కట్ చెయ్యి మరి."

బుల్లయ్య ఎర్ర బటన్ మీద నుంచి బొటనవేలు తీసేసి, వేలిని పిడికిట్లో మూసుకున్నాడు.